పాత కంప్యూటర్‌ని పక్కన పెట్టేముందు: కొత్తదాంట్లో మెయిల్ ఎక్కించుకోవడం ఎలా

తాడిపత్రి నుంచి మా మామ పాత సీపీయూని తువ్వాలులో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నా సర్వీసు షాపు. టేబుల్ మీద పెట్టి మూత తీస్తే గుప్పెడు రాతిపొడి రాలింది. ఆయనది నాపరాళ్లు, గ్రానైట్ పాలిష్ పట్టే యూనిట్. ఆఫీసు గదికీ మిషన్లకీ మధ్య ఒక గోడే అడ్డం. ఆ పొడిలో పదకొండేళ్లు తిరిగిన ఫ్యాను మూలుగుతోంది. ఇంకో సంచిలో కొత్త ల్యాప్‌టాప్, సీలు కూడా తీయలేదు. "ఏమల్లుడా, దీంట్లోకి మెయిల్ ఎక్కించియ్యి. మూడు గంటల బస్సుకు పోవాల" అన్నాడు.

రెండు రోజులు పట్టింది. అందులో కొత్త ల్యాప్‌టాప్‌లో మెయిల్ ప్రోగ్రామ్ పెట్టడానికి పట్టింది మహా అయితే రెండు గంటలు. మిగతా టైమంతా పాతదాంట్లో ఏముందో, ఎక్కడుందో తెలుసుకోవడానికీ, దాన్ని చెడిపోకుండా బయటికి తీసి సర్దడానికీ పోయింది. మెయిల్ ప్రోగ్రామ్ పెట్టుకోవడమంటే అడ్రసు, పాస్‌వర్డ్ కొట్టడమే అనుకుంటాం. అది చివర్లో వచ్చే చిన్న పని. అందుకే ఇక్కడ వరస తిప్పి చెబుతున్నా: ముందు పాతది, తర్వాత కొత్తది.

ఒక మాట ముందే. మీకు ఉన్నది ఒకటే జీమెయిల్, దాన్ని ఎప్పుడూ బ్రౌజర్‌లోనే తెరుస్తారు అంటే మీకు ఈ తతంగం అక్కర్లేదు. కొత్తదాంట్లో బ్రౌజర్ తెరిచి లాగిన్ అవ్వండి, అయిపోయింది. మూడు నాలుగు అడ్రసులు ఒకేచోట చూసుకోవాలి, నెట్ లేనప్పుడు కూడా పాత కొటేషన్ వెతుక్కోవాలి, మెయిళ్ల కాపీ ఒకటి చేతిలో ఉండాలి అనుకునేవాళ్లకే ప్రోగ్రామ్. నేను థండర్‌బర్డ్ పెడతాను. ఉచితం, మొదటి వెర్షన్ 2004లో వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. విండోస్‌తో పాటు ఉచితంగా వచ్చే మెయిల్ యాప్‌ని నమ్ముకున్నవాళ్లకు 2024 డిసెంబర్ 31తో దానికి సపోర్టు ఆగిపోయింది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో ఉచిత సపోర్టు అయిపోవడంతో ఇప్పుడు మా షాపుకు వచ్చేవాళ్లలో సగంమందిది ఇదే పని.

ఉత్తరాలు యాడుండాయి?

పాత కంప్యూటర్ ఇంకా లేస్తోందా? అయితే ఈ ప్రశ్నకు జవాబు దొరికేదాకా దాన్ని ఏమీ చేయొద్దు.

మెయిల్ మన దగ్గరికి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఐమ్యాప్. ఇందులో ఉత్తరాలు సర్వర్‌లోనే, అంటే మెయిల్ ఇచ్చే కంపెనీ కంప్యూటర్‌లోనే ఉంటాయి, మన కంప్యూటర్‌లో కనిపించేది వాటి నకలు. ఫోన్‌లో చదివితే కంప్యూటర్‌లో కూడా చదివినట్టు కనిపిస్తుంది, ఒకచోట తీసేస్తే అన్నిచోట్లా పోతుంది. రెండోది పాప్. ఇది పోస్ట్‌మ్యాన్ ఉత్తరం ఇంటికి తెచ్చిచ్చి వెళ్లిపోయినట్టు. సెట్టింగ్‌ను బట్టి వెంటనేనో, కొన్ని రోజులకో సర్వర్‌లో కాపీ చెరిగిపోతుంది. థండర్‌బర్డ్‌లో పాప్ పెడితే మామూలుగా 14 రోజులుంచి తర్వాత సర్వర్ నుంచి తీసేస్తుంది. అంటే పదేళ్ల మెయిల్ మొత్తం లోకంలో ఒకే ఒక్క చోట ఉంటుంది: ఆ దుమ్ము పట్టిన హార్డ్‌డిస్క్‌లో.

నాకు ఇది చాలా ఖరీదైన పాఠం. ఎనిమిదేళ్ల కిందట ఒక ఆడిటర్ గారి ఆఫీసులో సిస్టమ్ నెమ్మదించిందంటే ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేశాను. "మెయిల్ నెట్‌లో ఉంటుంది కదా" అని నేనే చెప్పాను, ఆయన సరే అన్నాడు. లేదు. పాప్‌లో ఉంది. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి మూడు రాత్రులు తవ్వితే సగం వచ్చాయి, అవి కూడా పేరూ తేదీ లేని ముక్కలు. ఆయన ఒక్క మాటా అనలేదు. టీ తెప్పించాడు. ఆ టీ తాగడం కంటే నాలుగు తిట్లు తినడం సులువు.

చూసుకోవడం ఇలా. థండర్‌బర్డ్ తెరిచి, మూడు గీతల మెనూ నొక్కి, అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. ఎడమవైపు మీ అడ్రసు కింద సర్వర్ సెట్టింగ్స్ అని ఉంటుంది. అక్కడ పైవరసలోనే సర్వర్ టైప్ ఐమ్యాపో పాపో రాసి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ ప్రోగ్రామ్ ఔట్‌లుక్ అయితే ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్, ఆ పట్టికలో టైప్ అన్న గడి. ఒక్కో అడ్రసుకూ విడిగా చూడండి, ఒకటి అటూ ఒకటి ఇటూ ఉండొచ్చు. మామకు అలాగే ఉంది: జీమెయిల్ ఐమ్యాప్‌లో, విజిటింగ్ కార్డు మీదున్న కంపెనీ అడ్రసు పాప్‌లో.

ఇంకో పరీక్ష కూడా చేయండి, ఇది అబద్ధం చెప్పదు. వేరే కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో బ్రౌజర్ తెరిచి ఆ అడ్రసుతో లాగిన్ అయ్యి, అన్నిటికంటే పాత మెయిల్ ఏ ఏడాదిదో చూడండి. పాతదాంట్లో 2014 నుంచి ఉండి, బ్రౌజర్‌లో పోయిన రెండు వారాలవే కనిపిస్తే విషయం తేలినట్టే. ఐమ్యాప్‌లో కూడా ఒక మెలిక ఉంది. జీమెయిల్ నిండిపోయిందని కొందరు పాతవాటిని థండర్‌బర్డ్‌లోని లోకల్ ఫోల్డర్స్‌లోకి లాగి పెట్టుకుంటారు. అవి సర్వర్‌లో ఉండవు. ఎడమవైపు జాబితాలో అట్టడుగున ఉండే ఆ లోకల్ ఫోల్డర్స్‌ని విప్పి చూడందే ముందుకు పోకండి.

పాతదాన్ని పెన్‌డ్రైవ్‌లోకి దించడం

థండర్‌బర్డ్ మెయిళ్లు, అడ్రస్ బుక్, ఫిల్టర్లు, పాస్‌వర్డ్‌లు అన్నీ ప్రొఫైల్ అనే ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. విండోస్ దాన్ని దాచి ఉంచుతుంది. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్ అన్న వరస, దాని పక్కన ఓపెన్ ఫోల్డర్ బటన్ ఉంటాయి. నొక్కితే ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది. అక్కడి నుంచి మూడు మెట్లు పైకి వెళ్తే థండర్‌బర్డ్ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. మనకు కావలసింది అదే, మొత్తంగా. లోపలి ముక్కలు ఏరుకోవద్దు.

ఇప్పుడు థండర్‌బర్డ్‌ని మూసేయండి. తెరిచి ఉండగా కాపీ చేస్తే కొన్ని ఫైళ్లు సగంలో ఉండి చెడిపోతాయి. మూశాక ఆ ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. మామది 11 జీబీ.

నేను 32 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టి కాపీ కొట్టాను. కాసేపటికి ఆగిపోయింది: ఫైల్ మరీ పెద్దదట, పట్టదట. పెన్‌డ్రైవ్‌లో పాతిక జీబీ పైన ఖాళీ ఉంది! మామ నా వైపు చూశాడు. సంగతేమిటంటే థండర్‌బర్డ్ ఒక ఫోల్డర్‌లోని మెయిళ్లన్నీ మామూలుగా ఒకే ఫైల్‌గా కుట్టేస్తుంది. ఆయన ఇన్‌బాక్స్ ఒక్కటే ఆరు జీబీ దాటింది. కొన్న పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే, ఎంత చోటున్నా 4 జీబీని మించిన ఒక్క ఫైల్‌ని అది తీసుకోదు. పెన్‌డ్రైవ్‌లో ఏమీ లేదని చూసుకుని, కుడి క్లిక్, ఫార్మాట్, అక్కడ ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకుంటే ఆ గొడవ తీరిపోతుంది.

అసలు ఇన్‌బాక్స్ అంత ఎందుకు పెరిగిందో కూడా చెప్పాలి. మెయిల్ డిలీట్ చేసినా ఆ ఫైల్‌లోంచి అది వెంటనే పోదు, పోయినట్టు గుర్తు మాత్రం పడుతుంది. ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి కాంపాక్ట్ అంటేనే చోటు ఖాళీ అవుతుంది. అయితే పాత డిస్క్ కొట్టుకుంటున్నప్పుడు కాంపాక్ట్ జోలికి పోవద్దు. ముందు ఉన్నది ఉన్నట్టు కాపీ తీయండి, శుభ్రం చేసే పని కొత్తదాంట్లో చేసుకోవచ్చు. కాపీ నడుస్తుండగా కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది. యూపీఎస్ బ్యాటరీ ఉబ్బిపోయి ఉంటే ఈ పూటకు ఇంకో యూపీఎస్‌ని ఎక్కడైనా అడిగి తెచ్చుకోండి.

థండర్‌బర్డ్‌లోనే టూల్స్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ఉంది. మొత్తాన్ని జిప్ చేసి ఇస్తుంది, కొత్తదాంట్లో ఇంపోర్ట్ అంటే తెరుచుకుంటుంది. రెండు జీబీ లోపు ప్రొఫైల్ అయితే హాయిగా అదే వాడండి. దాటితే చేత్తో కాపీయే.

పాతదాంట్లో ఔట్‌లుక్ ఉన్నవాళ్లు పీఎస్‌టీ అనే ఫైల్ కోసం వెతకాలి. 2010 వెర్షన్ నుంచి అది మామూలుగా డాక్యుమెంట్స్ లోపల ఔట్‌లుక్ ఫైల్స్ అన్న ఫోల్డర్‌లో ఉంటుంది. పక్కనెక్కడో ఓఎస్‌టీ అనేది కూడా కనిపిస్తుంది, అది సర్వర్ నకలు, ఎత్తుకుపోయినా ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకోదు. ఔట్‌లుక్ నుంచి థండర్‌బర్డ్‌కి మారాలంటే నాకు నచ్చిన దారి ఒకటే: పాత ఔట్‌లుక్‌లోనే అదే అడ్రసును ఐమ్యాప్‌గా చేర్చి, పాత ఫోల్డర్లను దాంట్లోకి కాపీ చేయడం. అవి సర్వర్‌కి ఎక్కుతాయి, కొత్తదాంట్లో వాటంతట అవే దిగుతాయి. సర్వర్‌లో అంత చోటుందో లేదో ముందు చూసుకోవాలి. ఉచిత జీమెయిల్‌కి ఉన్న 15 జీబీ ఫోటోలకూ డ్రైవ్‌కూ కలిపే.

తాళంచెవులు

కొత్త ల్యాప్‌టాప్ తెరిచే ముందు పాస్‌వర్డ్‌లు దగ్గర పెట్టుకోండి. మామను అడిగితే "అది కంప్యూటరే కొట్టుకుంటాది గదప్పా" అన్నాడు. చాలామంది సంగతి ఇంతే. పాత థండర్‌బర్డ్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు చూడాలంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అక్కడ సేవ్డ్ పాస్‌వర్డ్స్. జీమెయిల్‌ది మాత్రం అందులో కనిపించకపోవచ్చు, ఎందుకో కింద చెబుతా.

రెండో తాళం ఫోన్ నంబర్. కొత్త కంప్యూటర్‌లో లాగిన్ అవ్వగానే గూగుల్ మీ ఫోన్‌ని అడుగుతుంది. ఆ ఖాతాకు ముడిపెట్టిన నంబర్ ఎప్పుడో రీచార్జ్ మానేసిన సిమ్‌ది అయితే అక్కడే ఆగిపోతారు. కాబట్టి పాత కంప్యూటర్‌లో ఇంకా లాగిన్ ఉన్నప్పుడే, బ్రౌజర్‌లో గూగుల్ ఖాతా తెరిచి ఫోన్ నంబర్ సరిచేయండి. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌తో కూడా నిర్ధారించడం) ఉంటే బ్యాకప్ కోడ్‌లు తీసి పెట్టుకోండి. ఒక్కోటి 8 అంకెలవి, 10 ఇస్తుంది, ఒక్కోటి ఒకేసారి పనిచేస్తుంది. మామవి పద్దుల పుస్తకం చివరి పేజీలో రాయించాను. బీరువాలో ఉండే పుస్తకం అదొక్కటే.

కంపెనీ పేరుతో సొంత అడ్రసు ఉన్నవాళ్లకు మూడో తలనొప్పి. వెబ్‌సైట్ చేసిచ్చిన కుర్రాడి దగ్గరే పాస్‌వర్డ్ ఉంటుంది, ఆ కుర్రాడు బెంగళూరులో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. మీ వెబ్‌సైట్‌నీ మెయిల్‌నీ తమ సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ కంపెనీకి ఏటా డబ్బు కట్టే ఖాతా ఎవరి పేరు మీదుందో ఈ సందర్భంలోనే తేల్చుకోండి. మీ పేరు మీద లేకపోతే మార్పించుకోండి.

కొత్తదాంట్లో

మొదట గడియారం. నవ్వొద్దు. కొత్త ల్యాప్‌టాప్‌లు అమెరికా టైమ్‌జోన్‌తో రావడం నేను చాలాసార్లు చూశాను. అలాగే వదిలేస్తే పొద్దున వచ్చిన ఆర్డర్ నిన్న రాత్రి వచ్చినట్టు కనిపిస్తుంది. తేదీయే తప్పుంటే సర్వర్‌తో సురక్షితమైన కనెక్షనే కుదరక సర్టిఫికెట్ సరిగా లేదని మొరాయిస్తుంది. టైమ్‌జోన్ జాబితాలో చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అన్న వరస మనది.

తర్వాత థండర్‌బర్డ్. వెతికితే పైన వచ్చే ప్రకటనల లింకులు నొక్కొద్దు, అవే పేర్లతో చెత్త అంటగట్టే సైట్లున్నాయి. అడ్రస్ బార్‌లో థండర్‌బర్డ్ డాట్ నెట్ అని ఇంగ్లిష్‌లో మీరే టైప్ చేసి దించుకోండి. కొత్తదాంట్లో పెట్టే వెర్షన్ పాతదాంట్లో ఉన్నదానికి సమానమో ఎక్కువో అయి ఉండాలి. తక్కువైతే పాత ప్రొఫైల్‌ని తెరవనంటుంది.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. పాతదాంట్లో కూడా థండర్‌బర్డే ఉండి, ఫోల్డర్ కాపీ తెచ్చుకుని ఉంటే ఖాతాలు మళ్లీ చేర్చే పనే లేదు. కొత్తదాన్ని ఒకసారి తెరిచి మూసేయండి. కీబోర్డ్ మీద విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో పర్సెంట్ గుర్తు, యాప్‌డేటా అన్న మాట, మళ్లీ పర్సెంట్ గుర్తు, మధ్యలో ఖాళీ లేకుండా ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ నొక్కండి. అక్కడ కనిపించే థండర్‌బర్డ్ ఫోల్డర్ పేరు మార్చి పక్కన పెట్టి, పెన్‌డ్రైవ్‌లోని థండర్‌బర్డ్ ఫోల్డర్‌ని అక్కడ పేస్ట్ చేయండి. ఇప్పుడు తెరిస్తే పాత ఇల్లు పాత సామానుతో కనిపించాలి.

కనిపించకుండా కొత్త ఖాతా చేర్చమని అడిగితే గుండె జారనివ్వకండి. ఉత్తరాలు వచ్చాయి, అది వేరే ప్రొఫైల్‌ని తెరిచింది, అంతే. ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ పేజీలోనే ప్రొఫైల్స్ అన్న లింకు ఉంటుంది. అందులో పాత ప్రొఫైల్ దగ్గర సెట్ యాజ్ డిఫాల్ట్ నొక్కి, ప్రోగ్రామ్ మూసి తెరవండి.

రెండో దారి, కొత్తగా చేర్చడం. పేరు, మెయిల్ అడ్రసు అడుగుతుంది. పేరు దగ్గర ముద్దుపేరు రాయకండి, కొనేవాళ్లకు కనిపించేది అదే. జీమెయిల్, యాహూ లాంటి వాటికి సర్వర్ వివరాలు దానికే తెలుసు. ఐమ్యాప్, పాప్ రెండూ చూపిస్తే ఐమ్యాప్ ఎంచుకోండి. జీమెయిల్‌కి గూగుల్ లాగిన్ పేజీయే చిన్న కిటికీలో తెరుచుకుంటుంది. అక్కడ లాగిన్ అయి అనుమతి ఇస్తే పాస్‌వర్డ్ బదులు అనుమతి చీటీ లాంటి ఒక టోకెన్ థండర్‌బర్డ్ దగ్గర ఉంటుంది. సేవ్డ్ పాస్‌వర్డ్స్‌లో జీమెయిల్ పాస్‌వర్డ్ కనిపించనిది అందుకే. 2022 మే 30 నుంచి మామూలు జీమెయిల్ ఖాతాలకు గూగుల్ ఉత్త పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రాములను రానివ్వడం మానేసింది. ఔట్‌లుక్ డాట్ కామ్ కూడా 2024 సెప్టెంబర్ 16 నుంచి ఇదే దారి పట్టింది. ఆ కిటికీ తెల్లగా ఉండిపోతే థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో కుకీలు ఆపేసి ఉన్నాయేమో చూడండి.

పాత పాస్‌వర్డే సరైనదని తెలిసి కూడా తప్పంటుంటే కారణం ఎక్కువగా ఇదే. పదిసార్లు కొట్టొద్దు, ఖాతా లాక్ అవుతుంది. ఈ కొత్త పద్ధతి తెలియని పాత ప్రోగ్రామే వాడాల్సి వస్తే గూగుల్ ఖాతాలో టూ స్టెప్ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవచ్చు.

వివరాలు చేత్తో కొట్టాల్సి వస్తే: జీమెయిల్ లోపలికి వచ్చే సర్వర్ ఐమ్యాప్ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్టు 993, భద్రత ఎస్‌ఎస్‌ఎల్. బయటికి పంపేది ఎస్‌ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్టు 465 ఎస్‌ఎస్‌ఎల్‌తో, లేదా 587 స్టార్ట్‌టీఎల్‌ఎస్‌తో. కంపెనీ అడ్రసులకు సర్వర్ పేరు హోస్టింగ్‌వాళ్లు చెబుతారు, పోర్టులు ఎక్కువగా ఇవే. యూజర్‌నేమ్ దగ్గర అడ్రసు మొత్తం రాయాలి, ఎట్ గుర్తు దాకా రాసి ఆపితే కుదరదు. పోర్టు 25 అని పాత కాగితంలో రాసి ఉంటే దాన్ని మరిచిపోండి.

పాప్ నుంచి ఐమ్యాప్‌కి

మామ కంపెనీ అడ్రసుతో రెండో రోజంతా పోయింది ఇక్కడే. పాప్ ఖాతాను అలాగే ఐమ్యాప్‌గా మార్చే బటన్ లేదు. అదే అడ్రసును ఐమ్యాప్‌గా ఇంకోసారి చేర్చాలి. జాబితాలో ఒకే పేరుతో రెండు కనిపిస్తాయి, తికమక పడకుండా పాతదానికి అకౌంట్ సెట్టింగ్స్‌లో వేరే పేరు పెట్టండి. తర్వాత పాతదాని సర్వర్ సెట్టింగ్స్‌లో, తెరవగానే మెయిల్ చూడమన్న టిక్కు, ప్రతి పది నిమిషాలకు చూడమన్న టిక్కు రెండూ తీసేయండి. ఇది మరిస్తే అది కొత్త మెయిళ్లను కూడా దించుకుని, గడువు తీరగానే సర్వర్ నుంచి చెరిపేస్తూనే ఉంటుంది.

ఇక పాత ఉత్తరాలు. లోకల్ ఫోల్డర్స్‌లో ఏడాదికొక ఫోల్డర్ చేశాను, 2014 నుంచి. తేదీ వరసలో పెట్టి ఒక ఏడాదివి ఎంచుకుని, కుడి క్లిక్‌తో కాపీ టు. మూవ్ కాదు. రెండుచోట్లా లెక్క సరిపోయిందని చూశాకే పాతచోట తీసేయడం. పక్కన కూర్చున్న మామ ప్రతి ఏడాదికీ ఒక కథ చెప్పాడు: "ఈ ఏడు జీఎస్‌టీ పెడ్తిరి, మూడు నెలలు లారీ కదల్లేదు." 2017 అన్నమాట. మధ్యలో ఆగి ఆ జూలై మెయిళ్లన్నీ చదివించుకున్నాడు కూడా. టైము ఎందుకు పట్టిందో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

వాటన్నిటినీ సర్వర్‌కి ఎక్కించొచ్చు కూడా, ఐమ్యాప్ ఫోల్డర్‌లోకి లాగితే చాలు. కానీ హోస్టింగ్‌వాళ్లు ఇచ్చిన చోటు తక్కువ, అందుకని ఆఖరి రెండేళ్లవే ఎక్కించాను. ఆఫీసు జీమెయిల్ ఖాతాలకైతే ఐమ్యాప్ మీద రోజుకు 500 ఎంబీ దాకానే ఎక్కించుకోనిస్తుంది. దాటితే కాసేపు తలుపు మూస్తుంది, పాడైందనుకోకండి.

నెట్ ప్యాక్ కాపాడుకోవడం

ఐమ్యాప్ ఖాతా చేర్చగానే థండర్‌బర్డ్ మెయిళ్లన్నీ దించడం మొదలుపెడుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో ఉన్నవాళ్లకు టీ తాగి వచ్చేసరికి అది అయిపోతుంది. అకౌంట్ సెట్టింగ్స్‌లో సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్ తెరిచి, అన్నీ కాకుండా ఇటీవలి ఇన్ని రోజులవే ఉంచు అన్నదాన్ని ఎంచుకోండి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ దొరికిన రోజు దాన్ని మార్చి మిగతావి దించుకోవచ్చు. జీమెయిల్‌లో ఆల్ మెయిల్ అన్న ఫోల్డర్‌లో ఇన్‌బాక్స్‌లోవే మళ్లీ కనిపిస్తాయి. దాన్ని దించొద్దని అక్కడే అడ్వాన్స్‌డ్‌లో టిక్కు తీసేయండి.

పంపి చూడండి

మీకు మీరే ఒక మెయిల్ పంపుకోండి. వచ్చిందా? ఫోన్‌లో కనిపించిందా? సెంట్ ఫోల్డర్‌లో ఉందా? తర్వాత ఇంకొకరికి ఒక ఫోటో జతచేసి పంపి, వాళ్లను జవాబివ్వమనండి. మెయిళ్లు వస్తున్నాయి గానీ పోవడం లేదంటే తప్పు పంపే సర్వర్‌ది. అకౌంట్ సెట్టింగ్స్ అట్టడుగున ఔట్‌గోయింగ్ సర్వర్ అని వేరే ఉంటుంది, అక్కడ యూజర్‌నేమ్ ఖాళీగా ఉందేమో చూడండి. నేను చూసినవాటిలో సగం కేసులు అవే. స్లాబుల ఫోటోలు పది ఒకేసారి పెట్టి "పోలేదు" అంటారు ఇంకొందరు. జీమెయిల్‌లో జతచేసేవి మొత్తం 25 ఎంబీ దాటకూడదు.

ఫోల్డర్‌లో సంఖ్య కనిపిస్తూ లోపల ఖాళీగా ఉంటే కుడి క్లిక్, ప్రాపర్టీస్, రిపేర్ ఫోల్డర్. యాంటీవైరస్ ఉంటే ప్రొఫైల్ ఫోల్డర్‌ని దాని స్కానింగ్ నుంచి మినహాయించండి. ఎక్కడో ఒక మెయిల్‌లో వైరస్ చూసి ఇన్‌బాక్స్ ఫైల్ మొత్తాన్నే ఎత్తుకెళ్లి బంధించే ప్రమాదం ఉంది.

తెలుగులో మెయిల్ రాసేవాళ్లకు ఒక్క విషయం. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించిన మాటర్‌ని అలాగే మెయిల్‌లో పేస్ట్ చేస్తే అవతలివాళ్లకు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసిన గజిబిజి కనిపిస్తుంది. వాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు మరి. యూనికోడ్‌లో ఉండాలి. విండోస్ సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చి, ఫొనెటిక్ కీబోర్డ్ పెట్టుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది. డీటీపీ మాటర్ అలాగే కావాలంటే పీడీఎఫ్ చేసి జతచేయండి.

ఇంకోటి. థండర్‌బర్డ్ పంపినవాళ్ల పేరు పెద్దగా చూపిస్తుంది, ఆ పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకనుంచి దీనికి వేయండి" అని తెలిసిన పార్టీ పేరుతో మెయిల్ వస్తే ఆ పేరు మీద నొక్కి అసలు అడ్రసు చూడండి. చూశాక కూడా ఫోన్ చేసి అడగండి, మెయిల్‌లో ఉన్న నంబరుకు కాదు, మీ దగ్గరున్న నంబరుకు. డబ్బు వేసేశాక తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పెన్‌డ్రైవ్, పాత పెట్టె

కాపీ తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో మెయిళ్లే కాదు, దాచిన పాస్‌వర్డ్‌లు, వాటి తాళం ఫైల్ కూడా పక్కపక్కనే ఉంటాయి. వాటికి తాళం వేసే ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోనివాళ్లవి అయితే ఆ ఫోల్డర్ దొరికినవాళ్లు ఇంకో కంప్యూటర్‌లో వేసుకుని చదివేయొచ్చు. పని అయ్యాక ఆ పెన్‌డ్రైవ్‌ని పాటలు ఎక్కించుకోమని ఎవరి చేతికో ఇవ్వకండి. బీరువాలో పెట్టండి, లేదంటే క్విక్ ఫార్మాట్ టిక్కు తీసి పూర్తి ఫార్మాట్ చేయండి.

పాత కంప్యూటర్‌ని కనీసం ఒక నెల, కుదిరితే జీఎస్‌టీ రిటర్న్ ఒకటి వేసేదాకా ఉంచండి. ఏదో ఒక ఫిల్టరో, సంతకమో, ఎప్పుడో డ్రాఫ్ట్‌లో దాచిన కొటేషనో అప్పుడు గుర్తొస్తుంది. పెట్టె అడ్డమనిపిస్తే హార్డ్‌డిస్క్ ఒక్కటే విప్పి, యూఎస్‌బీ కేసులో పెట్టుకోవచ్చు. ఆ నెల గడిచాకే విండోస్‌లో రీసెట్, రిమూవ్ ఎవ్రీథింగ్, దాంతోపాటు డ్రైవ్ క్లీన్ చేయమన్నది కూడా ఎంచుకుని, అమ్మేయండి.

మామ మూడో రోజు పొద్దున బస్సుకు ల్యాప్‌టాప్ ఒక్కటే ఎత్తుకుని పోయాడు. దాన్ని ఆఫీసు గదిలో కాకుండా ఇంట్లో పెట్టుకోమని చెప్పాను, సరేనన్నాడు, పెట్టడు. రాతిపొడి దులిపిన ఆ సీపీయూ నా టేబుల్ కిందే ఉంది, తువ్వాలుతో సహా.